కాలిన బుగ్గలు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న ఆ రోజుల్లో నా సంగతీ అంతే. టైపు పరీక్ష పాసయ్యాను, డిగ్రీలో తెలుగుకు మంచి మార్కులు వచ్చాయి, మా వాడలో దరఖాస్తు రాయించుకోవాల్సిన వాళ్లందరూ తెల్ల కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. బాపు మరమగ్గం చప్పుడును మించిన గొంతుతో "మా చిన్నదాని రాత చూసి ఎమ్మార్వో సారే లేచి నిలబడ్డడు" అని వాళ్లకు చెప్పేవాడు (ఆయన లేచింది చాయ్ తాగడానికని నాకు తెలుసు, కానీ కన్నతండ్రి మాట కాదనడం ఎందుకని ఊరుకునేదాన్ని). అట్లాంటి సమయంలో మా ఎమ్మెల్యే సారు దగ్గర కాగితాలు రాసే పని దొరికింది. ఇక నన్ను పట్టుకునేవాళ్లు లేకపోయారు.

సారు అంతకుముందు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఏ గాలికి గెలిచారో ఆయనకే తెలియదు. మాట బహు తక్కువ. సభలో ఆయన నోరు తెరిచింది ప్రమాణం చేసిన రోజు ఒక్కటేనని ఊళ్లో ఎకసెక్కాలాడేవాళ్లు. ఆయన మాత్రం "నిలబడి మాట్లాడుడు నాతోని కాదు బిడ్డా. ప్రశ్నలు రాసి పంపుదాం. కాగితానికి చెమట పట్టది కదా" అనేవారు. మంత్రులకు పంపే ప్రశ్నలకు ఓ పద్ధతి ఉంటుంది: ఫలానా మాట వాస్తవమేనా, అయితే తీసుకున్న చర్యలేమిటి, అని వరుసగా అడగాలి. వాళ్ల జవాబులకూ ఓ పద్ధతి ఉంటుంది: 'అవునండి', 'లేదండి', 'ప్రశ్న ఉత్పన్నం కాదు'. ఈ మూడోది నాకెంత నచ్చిందంటే, ఇంట్లో అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలుస్తాం) "అన్నం తిన్నవా" అని అడిగితే "ప్రశ్న ఉత్పన్నం కాదవ్వా" అనేదాన్ని. అవ్వ చీపురు కోసం చూసేది.

మా అక్కను మంథని దిక్కు ఓ పల్లెకు ఇచ్చారు. బావ దుబాయిలో ఉండేవాడు, సెలవు దొరికినప్పుడు వచ్చిపోయేవాడు. ఆ ఊరి దవాఖానలో కాన్పుల గదికి ఒక్కటే కిటికీ, దానికీ జానెడు దూరంలో పక్కింటి గోడ. పట్టపగలు కూడా దీపం ఉండాల్సిందే. ఆ గదిలో మూడు బుగ్గలుండేవి (మా దగ్గర కరెంటు దీపాన్ని బుగ్గ అంటాం, బల్బు అనేవాళ్లను షోకు చేస్తున్నారంటాం). మూడూ కాలిపోయి ఏడాది దాటింది. నర్సమ్మ తలుపు బార్లా తీసి, ఇద్దరు ఆడవాళ్లతో అడ్డంగా చీర పట్టించి, ఆ చీరలోంచి వచ్చే వెలుతురులోనే కాన్పులు చేసేది. పోనీ బుగ్గలు మనమే కొని పెడదామంటే, గోడలోపలి తీగలు కూడా మాడిపోయాయి. సర్కారు గోడను ముట్టాలంటే పైనుంచి కాగితం రావాలి.

అక్క మొదటి కాన్పు ఆ గదిలోనే అయింది. బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండుతున్నప్పుడు చూడబోతే, అక్క బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అన్నది: "దాని మొకం సుత చూడలే చెల్లె. చీకట్లనే బట్టల చుట్టి తీస్కపోయిన్రు. ఎట్లున్నదో నాకు ఎర్కలేదు. ఈసారి పుట్టంగనే చూడాలె. నీ సారుకు జర చెప్పరాదు?" కరీంనగర్ పోదామని అన్నాను. "నొప్పులు చెప్పి వస్తయా? బస్సు కోసం ఆగుతయా?" అన్నది. చేటలో బియ్యం ఎప్పుడో శుభ్రమైపోయింది, అక్క ఇంకా చెరుగుతూనే ఉంది.

తిరిగొచ్చి సారుకు చెప్పాను. "రాయి బిడ్డా, ఇప్పుడే" అన్నారు. రాశాను. 'బల్బు' అని రాయడానికి మనసొప్పలేదు. చక్కటి తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు ముక్క ఎందుకని నా పాండిత్యం అడ్డుపడింది. 'సదరు ఆసుపత్రి ప్రసవ గదిలో మూడు బుగ్గలు కాలిపోయిన మాట వాస్తవమేనా? అయితే తీసుకున్న చర్యలేమిటి? కొత్త బుగ్గలు ఎప్పుడు వేస్తారు? ఈ జాప్యానికి కారణమేమిటి?' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సారుతో సంతకం పెట్టించి పంపాను. రాజధానిలో ఆ కాగితం చదివి పై వాళ్లకు నివేదించినాయన కోస్తా మనిషట. ఆయనదీ గోదావరి ఒడ్డే, మాదీ గోదావరి ఒడ్డే. కాకపోతే ఆయన ఊళ్లో బుగ్గ ముఖం మీద ఉంటుంది, మా ఊళ్లో వైరు చివర ఉంటుంది.

కొన్నాళ్లకు దవాఖానకు రాజధాని నుంచి ఫోను వచ్చింది. నర్సమ్మ ఆ సంభాషణను తర్వాత నాకు అక్షరం పోకుండా చెప్పింది. "మీ దగ్గర బుగ్గలు కాలాయట, నిజమేనా?" అని అవతలి ఆఫీసరు అడిగాడు. "నిజమే సారు, మూడు కాలినయి" అన్నది నర్సమ్మ. "ఎలా కాలాయమ్మా?" "కరెంటు ఎక్కువొచ్చి." "ఇప్పుడెలా ఉన్నాయి?" "రెండు నల్లగ మాడినయి సారు. ఒకటి పలిగింది." "భగవంతుడా. మరి మీరేం చేశారు?" "ఏం జేస్తం సారు, బట్టతోని తుడిచి గట్లనే ఉంచినం." పది రోజులకు పెద్ద అట్టపెట్టె వచ్చింది. విప్పి చూస్తే అన్నీ కాలిన గాయాలకు పూసే మందు ట్యూబులు. "బుగ్గలడిగితే మందు పంపిన్రు. ముందుగాల ఇది పూసి చూడుమంటరా ఏంది" అని నర్సమ్మ నాకు కబురు పెట్టింది. ఏదో దవాఖాన సామాను పొరపాటున వచ్చిందనుకున్నాను. నా రాతలో తప్పుండొచ్చన్న ఆలోచన కలలోకి కూడా రాలేదు.

మా ప్రశ్న సభకు వచ్చిన రోజు సారు నాకు పాసు ఇప్పించారు. ఇస్త్రీ చీర కట్టుకుని పైన గ్యాలరీలో కూర్చున్నాను. అక్కకు ఆ నెలలోనే కాన్పు. మంత్రిగారు లేచి చదివారు: "అవునండి, మూడు బుగ్గలు కాలిన మాట వాస్తవం. బాధితులకు కాలిన గాయాల మందు పంపడమైనది. కొత్త బుగ్గలు వేసే సౌకర్యం జిల్లాలలో లేదు, రాజధానిలోని పెద్దాసుపత్రిలో మాత్రమే కలదు. కావున జాప్యమనే ప్రశ్న ఉత్పన్నం కాదు."

ముందుగా నవ్వింది మా జిల్లాల సభ్యులే. పక్కవాళ్లకు వాళ్లు చెవిలో చెప్పారు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు, నవ్వు బెంచీ బెంచీ పాకి సభంతా నిండింది. అప్పుడు తెలిసింది నాకు, నేనేం రాశానో. ఉద్యోగం పోతే పోనీ, అక్కకు ఏం ముఖం చూపించాలన్నదే నా బాధ. నా పాండిత్యం కోసం అక్క దీపం ఆర్పేశానే అని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎవరు రాశారండీ ఆ ప్రశ్న?" అని ఎవరో నవ్వుతూ అడిగారు. సారు లేచి నిలబడ్డారు. రెండు చేతులతో ముందున్న బల్లను పట్టుకున్నారు.

"రాసింది నేనే అధ్యక్షా" అన్నారు. "మా దిక్కు బుగ్గ అంటే మొకం మీదిది కాదు, కప్పుకు ఏలాడేది. దీపం. గిది నా తప్పే. మంత్రిగారు పంపిన మందు మంచిదే అధ్యక్షా, కానీ అది పూస్తే మా బుగ్గ ఎలుగది." సభ మళ్లీ నవ్వింది. ఆ నవ్వు తగ్గేదాకా ఆయన ఆగారు, బడిలో పిల్లల అల్లరి తగ్గేదాకా ఆగినట్టే. "ఆ గదిల ఒక తల్లి, కన్నబిడ్డ మొకం చూడకుంటనే సాగనంపింది అధ్యక్షా. ఆ తల్లికే మళ్ల ఈ నెలల కాన్పు ఉంది. ప్రశ్న పుట్టదని మీరు రాసిన్రు. బిడ్డ అయితే పుడుతది కదా." అంతే, కూర్చున్నారు. మంత్రిగారు చేతిలో కాగితం వంక చూసి, పక్కన పెట్టి, వారంలో తీగలు మార్పించి దీపాలు పెట్టిస్తామని మామూలు మాటల్లో చెప్పారు.

బయట వరండాలో సారు ముందు తల దించుకుని నిలబడ్డాను. "రాసింది నేను కదా సారూ" అన్నాను. "సంతకం ఎవరిది?" అన్నారు. "మీదే." "మరింకేంది? లెక్క తప్పితే కాగితం మీద పేరున్నోనికే సున్నా పడుతది. పా, చాయ్ తాగుదాం. కాగితానికి పట్టని చెమటంత నాకే పట్టింది."

దీపాలు వారంలో రాలేదు, పదకొండో రోజు వచ్చాయి. పద్నాలుగో రోజు మధ్యాహ్నం అక్కకు ఆడపిల్ల పుట్టింది. నర్సమ్మ మూడు బుగ్గలూ వేసి, అలవాటు పోక తలుపు దగ్గర చీర కూడా పట్టించింది. అక్క బిడ్డను ఒళ్లోకి తీసుకుని చూస్తూ చూస్తూ ఉండిపోయింది. "ఇగ చాలు తల్లీ, దిష్టి తగుల్తది" అన్నది అవ్వ. అక్క వినలేదు. చాలాసేపటికి నా వైపు తిరిగి "మొకమంత బుగ్గలే ఉన్నయి చెల్లె" అన్నది. అంతే, ఆ పిల్లకు బారసాలనాడు పెట్టిన పేరు బడి రిజిస్టరుకు పోయింది, ఇంట్లో బుగ్గ అన్న పేరే మిగిలింది.

ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లీడు. మొన్న ఫోనులో "చిన్నమ్మా, నా స్నేహితుల ముందల బుగ్గా అని పిలవకే, నా బుగ్గలు గంత లావేం లేవు" అని అలిగింది. పేరు వెనక కథ దానికి అక్క ఎన్నడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాకిప్పుడు మంచిర్యాల ఆఫీసులో కుర్రవాళ్లు రాసినవి దిద్దే ఉద్యోగం. ఎర్ర కలం పట్టుకున్నప్పుడల్లా అనిపిస్తుంది, ఆ రోజు తప్పు లేకుండా 'బల్బు' అని రాసి ఉంటే 'పరిశీలనలో ఉన్నది' అని ఒక్క ముక్క జవాబు వచ్చేది, సారు నోరు విప్పేవారు కాదు, అక్క రెండోసారి కూడా చీకట్లోనే కనేది. నా జీవితంలో నేను రాసిన పనికొచ్చే వాక్యం ఆ తప్పు వాక్యమొక్కటే. గొప్పగా చెప్పుకుందామంటే అదీ నా పేరు మీద లేదు, సభ రికార్డుల్లో సారు పేరు మీద ఉంది. ఆయన తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి, మళ్లీ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ, కిందటేడు కన్నుమూశారు. వరండాలో ఆ రోజు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ, నా సంతకంతో ఒప్పుకుంటున్నాను: రాసింది నేనే, సారూ.