మా పాటలో ఆయన గొంతు

"ఆ పాట ఎట్లా పుట్టిందన్నా?" అని నన్ను చాలామంది అడుగుతారు. పెళ్ళి ఊరేగింపులో అది మొదలైతే చాలు, ముసలీ ముతకా కూడా చేతులెత్తి ఎగురుతారు. పల్లవి దగ్గర అందరూ ఒక్కసారిగా "బిర్ర్ర్... హోయ్" అని అరుస్తారు. నేను మాత్రం ఏదో పని ఉన్నవాడిలా పక్కకు తప్పుకుంటాను. చేసిన వెధవపని మనదే అయినప్పుడు సంతోషపడేదేముంది?

మేం నలుగురం. నేను సోలార్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ, మా డ్రమ్మరు ప్యానెళ్ళు కడుగుతాడు, మిగతా ఇద్దరూ వరుసల మధ్య గడ్డి కోస్తారు. సాయంత్రం డ్యూటీ దిగాక తిరుమణిలో డ్రమ్మరు ఇంటి వెనక రేకుల షెడ్డులో వాయించుకునేవాళ్ళం. సినిమా పాటలు వాయించే గుంపులు తాలూకా నిండా ఉన్నాయి. సొంత పాట లేకపోతే మమ్మల్ని ఎవడు పిలుస్తాడని నాకు ఒకటే దురద.

డ్రమ్మరు నాన్న గొర్రెలు కాసేవాడు. భూమి సోలారుకు లీజుకిచ్చినా మందను వదల్లేదు. కంచెకూ రోడ్డుకూ మధ్య మిగిలిన బీడులో మేపేవాడు. ఆయన పిలుపు వాళ్ళ తాత నుంచి వచ్చింది. అది విన్నాక మేత వదిలి రాని గొర్రె లేదు. వచ్చిన ప్రతిసారీ తువ్వాలులోంచి గుప్పెడు తుమ్మకాయలు వాటి ముందు పడేవి. ఉత్త చేతులతో ఆయన ఒక్కనాడూ పిలిచి ఎరగడు.

నేను ఆ పిలుపును ఫోన్లో రికార్డు చేశాను. "నా గొంతు పాటల పెట్టెల్లో వస్తాదా?" అని ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. దాన్నే పల్లవి చేసి, కింద డ్రమ్ము వేసి, అందరికీ పంపించాం. నెల తిరక్కుండానే ఆటోల్లో అదే, ట్రాక్టర్లలో అదే, వై.ఎన్.హొసకోట బస్టాండులో అదే. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

మొదట్లో రోడ్డు మీద ఆ పాటతో ఆటో పోతే మంద మొత్తం దాని వెంట పరుగెత్తి, కాయలేమీ దొరక్క నిలబడిపోయేది. ఆయన ఆయాసపడుతూ వెనక పరుగెత్తేవాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. కొన్నాళ్ళకు గొర్రెలు పరుగెత్తడం మానేశాయి. హమ్మయ్య, అలవాటు పడ్డాయి అనుకున్నాను.

"నిన్న మూడుతూర్లు పిలిస్తే గాని రాలేదప్పా," అన్నాడు ఒకరోజు ఆయన.

"ఎండకు మామా. ఏం కాదులే," అన్నాను. ఆయన ముఖం చూడకుండానే అన్నాను.

ఆ తర్వాతి వారం, సాయంత్రం. నేనూ డ్రమ్మరూ డ్యూటీ దిగి బండి మీద వస్తున్నాం. ఆయన అప్పటికే రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు. వెనకాలే రావలసిన మంద రోడ్డు నడుమ ఆగిపోయింది. ఏదో ట్రాక్టరు మీంచి జారిపడిన వేరుశనగ కట్టెను, కాయలు కోసేశాక మిగిలే ఎండు తీగను, తింటోంది. ఎగువ నుంచి కంకర టిప్పరు దిగుతోంది.

ఆయన పిలిచాడు. ఒక్క తలా లేవలేదు.

మళ్ళీ పిలిచాడు, ఈసారి నరాలు ఉబ్బేలా. ముందున్న పెద్ద గొర్రె చెవి ఆడించింది, అంతే. టిప్పరు హారన్ కొడుతూనే ఉంది, వేగం మాత్రం తగ్గడం లేదు. ఆయన కర్ర పైకెత్తి నేరుగా దానికి ఎదురెళ్ళాడు.

"నాయనా, పక్కకు రా!" అని కొడుకు కేక. నేను బండి పడేసి, యూనిఫాం చొక్కా విప్పి ఊపుతూ పరుగెత్తాను. బ్రేకులు కీచుమన్నాయి. టిప్పరు ఆయనకు బారెడు దూరంలో ఆగింది. డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయనకు అదేం వినబడినట్టు లేదు.

ఆయన తువ్వాలు విప్పి కాయలన్నీ తారు మీద పోశాడు. ఈసారి మెల్లగా, బతిమాలినట్టు పిలిచాడు. పెద్ద గొర్రె తలెత్తి ఆయన్ని చూసి, మళ్ళీ కట్టెలో మూతి పెట్టింది.

"ఇది నా గొంతే గదప్పా?" అని నన్ను అడిగాడు.

నేను చచ్చిపోయినా బాగుండేది. కొడుకు అటు తిరిగి నిలబడ్డాడు. అవునని నేను చెప్పేలోపే ఆయన వంగి, రోడ్డు మీద కాయలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రే పాటను మా ఫోన్లలోంచి తీసేశాం. ఊళ్ళోవాళ్ళ ఫోన్లలోంచి తీసేదెవరు? పదిహేను రోజులకు ఆయన మందను పావగడ సంతకు తీసుకెళ్ళాడు. నేనూ తోడు వెళ్ళాను. దారి పొడుగునా ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. పరాయివాళ్ళ గొర్రెల్ని తోలినట్టు, కర్రతో అదిలిస్తూ వెనకే నడిచాడు.