గడ్డపారలు తగ్గిన ఆదివారాలు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పే రోజుల్లో నాకు ఆదివారం అంటే గుబులుగా ఉండేది. మిగతా వారమంతా పొద్దున్నే మొదటి బ్యాచ్‌తో మొదలుపెడితే సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఊరి నిండా ఉద్యోగాలున్నాయని, కోర్సు పూర్తిచేస్తే చాలని నమ్మి వచ్చిన పిల్లలతో మెట్లు కూడా నిండిపోయేవి. ఆదివారం మాత్రం శ్రీనగర్ కాలనీలో నేను అద్దెకున్న గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ ఉండేది కాదు. గోదావరి పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని, ఈ ఊళ్ళో నాకు పాఠాలే తప్ప స్నేహాలు లేవు.

ఇన్‌స్టిట్యూట్‌కి ఆటోల్లో పోలేక, ఒక సైకిల్ కొనుక్కుందామని పంజాగుట్టలో ఒక షాపుకి వెళ్ళాను. ముందు బుట్ట ఉండే మామూలు లేడీస్ సైకిల్ అడిగాను. షాపు యజమానికి నలభై దాటి ఉంటాయి. పొట్టిగా, దిట్టంగా ఉన్నాడు. చేతులనిండా గ్రీజు. నా మాట పూర్తిగా వినకుండానే లోపలి నుంచి లావు టైర్ల గేర్ల సైకిల్ ఒకటి తోసుకొచ్చాడు.

"గిది తొక్కి సూడు చెల్లె. నచ్చకుంటె బుట్ట సైకిలే ఇస్త."

నాగార్జున సర్కిల్ దాకా తొక్కి వచ్చాను. చిన్నప్పుడు కాలవగట్టు మీద నాన్న సైకిల్‌ని అడ్డతొక్కుడు తొక్కిన రోజులు గుర్తొచ్చాయి. ఆ సైకిలే కొన్నాను. చెల్లె అని పిలిచిన ఆ యజమాని నాకు అన్న అయ్యాడు. ఆదివారం తెల్లవారకముందే షాపు దగ్గరికి రమ్మన్నాడు అన్న. "అడివికి పోతం. మస్తుంటది" అన్నాడు. అలా ఆదివారాలు అడవిలో సైకిల్ తొక్కే అతని గుంపులో చేరాను. అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే, నా దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురున్నారు. అన్న ఒక్కడే వేరే. వ్యవసాయం వదిలి వచ్చిన కుటుంబం వాళ్ళది. పంక్చర్లు వేసే చోట మొదలై సొంత షాపు దాకా వచ్చాడు.

నగరం దాటాక ఉన్న అడవి అది. పెద్ద పెద్ద బండరాళ్ళు, సీతాఫలం పొదలు, మోదుగ చెట్లు. మేకలు నడిచి పడిన కాలిబాట మీద మేం సైకిళ్ళు దించేవాళ్ళం. గుట్ట మీంచి కిందికి దూసుకుపోతుంటే చెవుల్లో గాలి హోరు. ఆ హోరులో వారమంతా చెప్పిన పాఠాలు కొట్టుకుపోయేవి.

ఒక ఆదివారం మలుపు తిరిగేసరికి బాట మధ్యలో ఖాకీ బట్టల్లో ఒకావిడ నిలబడి ఉంది. వెనక ఇద్దరు వాచర్లు. ఆ అడవికి రేంజ్ ఆఫీసరు ఆమే.

"ఎవరి పర్మిషన్‌తోని వచ్చిండ్రు?"

మాలో ఒకరిద్దరు ఇంగ్లీషులో ఏదో చెప్పబోయారు. అన్న సైకిల్ దిగి ముందుకు వెళ్ళాడు. "తప్పయింది మేడం. చెట్టు ముట్టలే, పుట్ట ముట్టలే. జర సైకిల్ తొక్కుకుంటు పోతున్నం, గంతే."

"ముట్టలేదని మీరనుకుంటున్నరు. రండ్రి, చూపిస్త."

మా అందరినీ వెనక్కి గుట్ట మీదికి నడిపించింది. మా టైర్లు పడీపడీ బాట మధ్యలో చారలా లోతు పడింది. వాన పడితే నీళ్ళు ఆ చారలోనే కాలవలా పరుగెత్తుతాయని, గుట్ట మీది మట్టంతా కింద ఉన్న చిన్న కుంటలోకి చేరుతుందని చెప్పింది. "ఆ కుంట పూడితే ఎండకాలం నెమళ్ళు నీళ్ళ కోసం రోడ్డు మీదికి పోతయి. రోడ్డు మీద లారీలుంటయి."

మేమంతా తలలు దించుకున్నాం. ఇక రావద్దంటుందని, సైకిళ్ళు లాక్కుంటుందేమోనని భయం. అప్పుడు అన్న, మాలో ఎవరికీ తోచని మాట అడిగాడు.

"అయితె ఎట్ల తొక్కాలె మేడం?"

ఆవిడ ఒక్క క్షణం అతన్ని చూసి నవ్వింది. "గిట్ల అడిగినోళ్ళు ఇంతవరకు ఎవరు లేరు" అంది.

మర్నాడే షాపు మూసి అన్న ఆమె ఆఫీసుకి వెళ్ళాడు. మళ్ళీ వెళ్ళాడు. చివరికి ఒక ఒప్పందంతో తిరిగొచ్చాడు. పాత బాట వదిలేసి, గుట్టను చుట్టుకుంటూ వాలు తక్కువగా ఉండే కొత్త బాట వేసుకోవచ్చు. అది ఎక్కడ నుంచి పోవాలో ఆమె చెబుతుంది. వానాకాలం పూర్తిగా బంద్. నెలకో ఆదివారం అందరూ వచ్చి బాట బాగుచేయాలి.

"పని ఆగిన్నాడు బాట సుత ఆగుతదన్నది. నేను మాటిచ్చిన" అన్నాడు అన్న మాతో.

ఆ మొదటి చలికాలం నా జీవితంలో నేను మనుషులతో కలిసి బతికిన కాలం. కీబోర్డు తప్ప ఏదీ ఎరగని చేతులు గడ్డపార పట్టాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. బాటకి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్ళు పాతి వాన నీటిని పక్క పొదల్లోకి మళ్ళించడం రేంజర్ మేడం నేర్పింది. అన్న ఆ రాళ్ళు చూసి, "మా పొలంల గెట్టు తెగకుండ నాయిన గిట్లనే పెట్టేటోడు" అని ఎంత సంబరపడ్డాడో. ఒక మలుపు దగ్గర మాత్రం ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. అన్నకి నిటారుగా దిగే బాట కావాలి. ఆ పొదల్లో నెమళ్ళు గుడ్లు పెడతాయి, చుట్టూ తిప్పమంటుంది ఆమె.

"మజా పోతది మేడం!"

"నెమలిని అడిగొస్త, ఆగు. ఒప్పుకుంటె నీ మజా నీకిస్త."

అందరం పనిముట్లు వదిలేసి నవ్వాం. బాట చుట్టూ తిరిగింది.

మధ్యాహ్నం ఆమె తెచ్చిన జొన్నరొట్టెలు, నేను తెచ్చిన గోంగూర పచ్చడి బండ మీద పెట్టుకుని తినేవాళ్ళం. ఒకసారి తిన్నాక అన్న తన సైకిల్ ఆమె ముందు నిలబెట్టాడు. వద్దు వద్దంటూనే ఎక్కింది. బడికి రోజూ సైకిల్ మీదే పోయేదాన్నని చెబుతూ మలుపు దాకా తొక్కింది. కాసేపటికి సైకిల్ నడిపించుకుంటూ తిరిగొచ్చింది. "ఏది నొక్కితె ఏమైతదో తెలుస్తలేదు. మీ గేర్లకో దండం" అంది. ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది.

బాట బాగుందన్న మాట ఊరంతా పాకింది. అవి జీతాలు పెరుగుతున్న రోజులు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి. అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం దొరికినవాళ్ళకి మొదట ఫోను, తర్వాత బైకు, ఆ తర్వాత గేర్ల సైకిలు. అన్న షాపు ముందు ఫుట్‌పాత్ మీద నిలబడే చోటుండేది కాదు. తొక్కే ఆదివారం అడవి గేటు ముందు జాతరలా ఉండేది. పని చేసే ఆదివారం మాత్రం మనుషులు పలచబడటం మొదలైంది.

ఎవరిదీ చెడ్డ కారణం కాదు. ఒకరికి ప్రాజెక్టు రిలీజు, ఒకరికి క్లయింట్ కాల్, ఒకరికి రాత్రి షిఫ్టు అయ్యి కళ్ళు మూతలు పడుతున్నాయి. "వచ్చే నెల గ్యారంటీ అన్నా" అనేవాళ్ళు. అన్న ఎవరినీ గట్టిగా అనేవాడు కాదు. "వాళ్ళ నౌకర్లు గట్లనే ఉంటయి చెల్లె" అని తనే సర్దిచెప్పేవాడు. పని మిగిలిపోతే వారం మధ్యలో షాపుకి తాళం వేసి, ఒక్కడే వెళ్ళి రాళ్ళు సరిచేసి వచ్చేవాడు. వీలైనప్పుడు నేనూ వెళ్ళేదాన్ని.

గుంపులో ఒకతను మంచి ఆలోచన అనుకుని ఒక మాట తెచ్చాడు. అందరం తలా కొంత వేసుకుని కూలీలను పెడదాం అని. అన్నకి ఇష్టం లేకపోయినా మాట మోసుకెళ్ళి రేంజర్ మేడంకి చెప్పాడు. పక్కన నేనున్నాను.

"కూలోళ్ళు నాకు సుత దొరుకుతరు" అందామె. "ఈ బాటను ఎవరు తొక్కుతున్నరో వాళ్ళ చెయ్యి దీని మీద పడాలె. అప్పుడే పైలంగ తొక్కుతరు. నాకు కావాల్సింది గది."

వానలకి ముందు ఒక ఆదివారం చాలా పని పెట్టుకున్నాం. బాట పొడుగునా అడ్డరాళ్ళు మళ్ళీ గట్టి చేయాలి, పూడిన నీటి దారులు తియ్యాలి. అది చేసేస్తే వర్షాలు వెళ్ళేదాకా నిశ్చింత. అన్న వారమంతా ఫోన్లు చేశాడు. అందరూ వస్తామన్నారు. ఆ ఉదయం గేటు దగ్గర అన్న, నేను, రేంజర్ మేడం, ఆమె వాచర్లు. పనిముట్లు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా అన్న తల తిప్పి చూసేవాడు. ఎండెక్కింది. ఎవరూ రాలేదు. చివరికి మేడం తనే ఒక గడ్డపార తీసుకుని నడిచింది.

చీకటిపడే వేళకి గుట్ట పైభాగం పూర్తయింది. కింది మలుపుల్ని ముట్టుకోలేకపోయాం. ఆ వారమే వాన మొదలైంది.

వానలు తగ్గాక ఆమె కబురు పెట్టింది. వెళ్ళాం. నెమళ్ళ పొద చుట్టూ తిప్పిన మలుపు దగ్గర నేల నిలువునా కోసుకుపోయింది. నడుం లోతు గండి. కుంట సగానికి పైగా ఎర్రమట్టితో నిండిపోయి ఉంది. అన్న గట్టు మీద గొంతుక్కూర్చుని ఆ మట్టి చేత్తో తీసి చూశాడు.

"బాట బంద్ చేస్తున్న" అందామె.

"ఇంకొక్క మోక ఇయ్యుండ్రి మేడం."

"మీ ఇద్దరి మీద నాకు కోపం లేదు భాయ్. కాని ఇద్దరితోని ఇది నడవదు. కుంట నిండినంక నేను ఎవరికి జవాబు చెప్పాలె?"

అన్న చేతులు జోడించాడు.

బాట మూసిన సంగతి తెలిసి గుంపు భగ్గుమంది. ఇంటర్నెట్ గ్రూపులో ఆమెని నానా మాటలూ రాశారు. అడవి ఫారెస్టు వాళ్ళ సొంతమా అన్నారు. షాపులో కూర్చుని ఒకతను అదే మాట అంటుంటే అన్న పానా పక్కనపెట్టి లేచాడు. అతని గొంతు పెద్దది కావడం నేను అదే మొదటిసారి వినడం.

"ఆమెను ఏమన్న అంటె మంచిగుండదు. మాట తప్పింది మనం."

అతను మళ్ళీ ఆ షాపుకి రాలేదు. చాలామంది రాలేదు. కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్ల మీద తొక్కడం మొదలుపెట్టారు. మాంద్యం వచ్చి ఉద్యోగాలు ఊడిన ఏడు కొందరు సైకిళ్ళు అమ్మిపెట్టమని అన్న దగ్గరికే తెచ్చారు. నేను కూడా టీచింగ్ వదిలి ఒక కంపెనీలో చేరాను. సైకిల్ బాల్కనీలోకి చేరింది.

అమీర్‌పేట రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచిన తర్వాత, ఏదో పని మీద ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసుకి వెళ్ళాను. వరండాలో ఎదురుగా వస్తున్నావిడ ఆగి, "టీచరమ్మా!" అంది. రేంజర్ మేడమే. జుట్టు సగం నెరిసింది. బదిలీ మీద బదిలీ అయి ఇప్పుడు ఈ ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయానని నవ్వింది. మొదట అడిగిన మాట, "మీ షాపన్న ఎట్లున్నడు?"

బాగున్నాడని చెప్పాను. మీరంటే ఇప్పటికీ గౌరవమని, ఆ రోజు గురించి సిగ్గుపడతాడని కూడా చెప్పాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నేను ఒక్క యేడాదికె బంద్ చేద్దామనుకున్న. గండి పూడ్చి, కుంటల మట్టి తీసినంక మళ్ళ తెరుద్దామని. మీ దాంట్లకెల్లి ఎవరన్న ఒకరు వచ్చి అడుగుతరని చూసిన. ఎవ్వరు రాలె. నాకు బదిలీ వచ్చింది. తర్వాత వచ్చినోళ్ళకు ఆ బాట సంగతే తెల్వదు."

మేం ఆమెకి మొహం చూపించలేక ఇన్నేళ్ళు దూరంగా ఉన్నాం. ఆమె మా కోసం చూసింది.

ఆ సాయంత్రమే షాపుకి వెళ్ళి అన్నకి చెప్పాను. అతను చైను తుడుస్తున్నవాడు తుడుస్తూనే ఉండిపోయాడు. వెళ్ళి కలుద్దాం రమ్మన్నాను.

"ఏ మొకం వెట్టుకొని పోవాలె చెల్లె?"

"ఆవిడే మీ గురించి అడిగింది కదన్నా. ఇంకేంటి?"

వస్తానన్నాడు. ఆ వారం కాదు, పెళ్ళి ఉంది. తర్వాత వదినకి మోకాలి నొప్పి. ఆ తర్వాత వినాయక చవితి, ఖైరతాబాద్ వైపు రోడ్లన్నీ మూసేశారు. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. ఎర్రమంజిల్ అంటే ఎంత దూరం, ఎప్పుడైనా వెళ్ళొచ్చు కదా అనుకున్నాం.

చివరికి ఒక పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, అరటిపళ్ళు కొనుక్కుని తనే మా ఇంటికి వచ్చాడు. నడిచే వెళ్ళాం. ఆ గదిలో ఆమె కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. మేడం రిటైరై సొంత ఊరికి వెళ్ళిపోయిందన్నాడు. ఏ ఊరో అడిగితే పాలమూరు పక్కన అన్నాడు తప్ప ఊరి పేరు తెలియదన్నాడు. ఫోను నంబరు అడిగాం. పాత నంబరు పనిచేయడం లేదట.

మెట్ల మీద అన్న కాసేపు కూర్చున్నాడు. పళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. "మాట తప్పినోళ్ళను సుత ఆమె ఇడిసిపెట్టలే. అడగనీకె ఏమైంది చెల్లె మనకు?"

లేచి పంజాగుట్ట వైపు నడిచాం. షాపు ముందు ఒకాయన పంక్చరైన సైకిల్‌తో అన్న కోసం ఎదురు చూస్తున్నాడు. అన్న పళ్ళు నా చేతికిచ్చి, చొక్కా చేతులు మడుచుకుని చక్రం ఊడదీయడం మొదలుపెట్టాడు.