జొన్న పాతరలో నా ప్రతాపం

ఆ రోజుల్లో మా ఓర్వకల్లు పల్లెల్లో మగవాణ్ణి ఎత్తిన బరువును బట్టి లెక్కగట్టేవాళ్ళు. బుర్రను తూచే అలవాటు లేదు. అదే నా అదృష్టం. జొన్నల్ని నేలలో తవ్విన పాతరలో పోసి, పైన గడ్డి పరిచి మట్టితో మూసేవాళ్ళం. మళ్ళీ తెరిచినప్పుడు గాలి ఆడనిచ్చి, ముందు దీపం దించి చూడాలి. దీపం ఆరితే దిగిన మనిషీ ఆరిపోతాడని లెక్క.

మేము పాతర తెరిచిన పూటే, నాకు కూతుర్నివ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి కడప వైపు పెద్దాయనొకడు వచ్చి గట్టున కూర్చున్నాడు. "ముందు దీపం దించురా" అన్నాడు నాయన. "దీపమెందుకు నాయనా, నాకు కండ్లుండాయి గదా!" అని పెద్దాయనకు వినబడేలా అని, దూకేశాను.

వంగి జొన్నలు తోడుతుంటే ముందు రొప్పు వచ్చింది, ఆ వెనకే అంతులేని సంతోషం వచ్చింది. నా అంత పనిమంతుడు జిల్లాలోనే లేడనిపించింది. (జొన్నలన్నీ గంప పక్కన పోస్తున్నానని తర్వాత తెలిసింది.) గంపకు మోకుతాడు ముడి వేయబోతే వేళ్ళు ఎవరివో అనిపించాయి.

"ఏం చేస్తాండావురా?" పైనుంచి నాయన.

"శానా చేస్తాండా! ఇంగో గంప దించు!"

"పైకి రారా, నీ పాసుగాల!"

"నువ్వే రా! ఈడ సల్లగా ఉండాది!" అని పాటెత్తుకున్నాను. పాట సగంలోనే గొంతు ఆగింది. దిగబోయిన చిన్నాయనను నాయన రెక్క పట్టి ఆపాడట, "నువ్వూ పడతావు" అని. అప్పుడే మోకు కదిలింది. అందరూ కలిసి లాగారు. గంపకు కట్టాననుకున్న మోకును నేను నా నడుముకే కట్టుకున్నాను!

ముందుండి లాగిన పెద్దాయన నన్ను గట్టున పడేసి, "జొన్నలు రాలేదప్పా, అల్లుడొచ్చినాడు" అన్నాడు.

పెళ్ళయ్యాక ఉండబట్టలేక అడిగాను, "అంత చూసి కూడా ఎట్లిచ్చినావు మామా?" అని. "ఊపిరాడకున్నా పని ఇడ్సలేదు గదప్పా. బుద్ధంటావా, అది నా బిడ్డకుండాది."

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక, మనవరాలి పుస్తకం కూడబలుక్కుని చదివితే అర్థమైంది: ప్రాణవాయువు తగ్గితే బుద్ధి పోతుంది, పోయిందని తెలిసే బుద్ధీ దాంతోపాటే పోతుంది. మొన్న ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి, ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో చూసి అంతా బాగుందన్నారు. మా ఆడమనిషి మాత్రం నమ్మలేదు. మెట్లెక్కి రొప్పుతూ నేను "శానా బాగుండా" అంటే చాలు, వెనకనుంచి నా నడుం పట్టుకుంటుంది. నేనూ వదలమనను.