తాకితే పేజీ తిరిగే పుస్తకం

అనంతపురంలో నాకొక డీటీపీ కొట్టు ఉండేది. పెళ్ళిపత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, ఆఫీసులకు పెట్టే అర్జీలు టైపు చేసేవాణ్ణి. ఏడాదికి మూడో నాలుగో పుస్తకాలు కూడా వచ్చేవి. రిటైరైన పంతుళ్ళు, కవిత్వం రాసే రైల్వే గుమాస్తాలు సొంత డబ్బు పెట్టుకుని వేయించుకునే పుస్తకాలవి. గుంతకల్లు నుంచి, కళ్యాణదుర్గం నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. టైపులో నేనేమీ మొనగాణ్ణి కాదు. మా కొట్లో అచ్చుతప్పులు పడవని పేరు, అంతే. ఆ పేరు కూడా నాది కాదు, మా అమ్మది.

అమ్మ అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. తొంభైల చివర్లో కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెట్టారు. శెనక్కాయ చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పోయి కూర్చునేది. ఆ బడి చెప్పే అమ్మాయి ఒక పద్ధతి పెట్టింది. ఏ అక్షరం చదువుతున్నారో దాని కింద వేలుండాలి, వేలు జరిగాకే నోరు తెరవాలి. కొన్నాళ్ళకు తక్కిన ఆడవాళ్ళు వేలు తీసేశారు. కొందరు చదువే మానేశారు. మా అమ్మ రెండూ వదల్లేదు. తొందరగా చదవమ్మా అని నేను విసుక్కుంటే, "నువ్వు తొందరగా చదివి సగం మింగుతాండావు, నాకు ఆ కర్మ లేదు" అనేది.

నేను అనంతపురం పక్కనే రాప్తాడులో ఇల్లు తీసుకున్నాక మా దగ్గరికి వచ్చేసింది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. నేను ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులు తీసి చదవడం మొదలుపెట్టింది. మొదటివారమే ఒక పెళ్ళిపత్రికలో పెళ్ళికొడుకు తండ్రి పేరు ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా ఉందని పట్టింది. నేను నాలుగుసార్లు చూసి సరే అన్న పత్రిక అది. ఆ రోజు నుంచి ఆమె చూడనిది ప్రెస్సుకు పోలేదు. తప్పున్న పేజీ అంకె, తప్పు పడిన మాట ఒక నోటుబుక్కులో లావు అక్షరాలతో రాసి ఇచ్చేది. ఎవరైనా ఇంటికొస్తే, "నేను మావోని కాడ పని చేస్తాండా" అని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు మొహం చూడాలి.

ఆ కళ్ళకే వచ్చింది కష్టం. నీటికాసులు అన్నాడు డాక్టరు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని మందు చుక్కలతో నిలబెడదాం అన్నాడు. ఎన్నాళ్ళు నిలబడుతుందో చెప్పలేదు. బస్సులో వస్తూ అమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "ప్రూఫులు చదవచ్చునా, వద్దునా?" చదవచ్చమ్మా, అక్షరం పెద్దదిగా ఉంటే చాలు అన్నాను.

అక్షరం పెద్దది చేయడం నా చేతిలో పనే కదా అనుకున్నాను. ఇరవైనాలుగు పాయింట్లలో ప్రింటు తీసి ఇచ్చాను. నూరు పేజీల పుస్తకం మూడువందల కాగితాలైంది. టోనరు తాగేసింది. మా రాప్తాడు గాలికి ఆ కాగితాలు వాకిలి దాటి హైవే మీదికి పోయేవి. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూశాను. పావుగంటకే కళ్ళలో నీళ్ళు కారేవి. పైగా మన కరెంటు సంగతి తెలిసిందే.

అలాంటప్పుడు ఇంటర్నెట్ సెంటర్లో ఈ-బుక్ రీడర్ అనే వస్తువు గురించి చదివాను. పలకంత ఉంటుందట. కాగితం మీద చదివినట్టే ఉంటుందట. ఎండలో కూడా అక్షరం కనిపిస్తుంది, ఒకసారి చార్జి పెడితే వారం పైన వస్తుంది అని రాశారు. ఈ చివరి రెండు సంగతులకు నేను పడిపోయాను. మాకు కరెంటుకు కరువు గానీ ఎండకు కరువా! అయితే తెలుగు వస్తుందో రాదో ఎక్కడా రాయలేదు. రాసినవాళ్ళకు ఆ అనుమానమే వచ్చి ఉండదు. దానికి నా దగ్గర ఉపాయం ఉంది. పేజీని ఆ తెర కొలతకే కట్ చేసి, అక్షరాలు లోపలే ఉండిపోయేలా పీడీఎఫ్ చేస్తే, యంత్రానికి తెలుగు రాకపోయినా బొమ్మ చూపించినట్టు చూపించి తీరాలి.

ఒక మెమరీ కార్డులో అలాంటి పేజీలు పది పెట్టుకుని బెంగళూరు బస్సెక్కాను. బయటిదేశాల సామాను తెప్పించి అమ్మే కొట్టొకటి ఉందని విన్నాను. అమ్మే అబ్బాయి కన్నడం కలిపిన మన తెలుగే మాట్లాడాడు. పెద్ద తెర ఉన్నది ఒకటి చూపించాడు. ధర విని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా స్తోమతకు అందేవి రెండు. ఒకటి బటన్లది. రెండోది తాకితే పనిచేసేది, ధర దాదాపు ఒకటిన్నర రెట్లు.

"ఎవరికి సార్?" అన్నాడు.

"మా అమ్మకు."

"అట్లయితే టచ్చే తీసుకోండి సార్. పెద్దోళ్ళకు బటన్లు కష్టం. ఇదైతే ఇట్ల ఏలితో తోస్తే చాలు, పేజీ తిరుగుతాది."

నా కార్డు పెట్టి చూశాను. రెండింట్లోనూ తెలుగు వచ్చింది. పక్కపక్కన పెడితే తాకేదాని తెర కొంచెం మెరుస్తోంది, అక్షరం కొంచెం వెలిసినట్టుంది. కళ్ళు బాగున్న నాకే తేడా తెలిసింది. తెలిసీ ఎందుకు కొన్నానంటే, గొప్ప కోసం. అమ్మకు తక్కువది కొనిచ్చాననే మాట రాకూడదు, అంతే. కొత్త ప్రింటరు కోసం దాచిన డబ్బు అక్కడ పెట్టి, తాకేది సంచిలో వేసుకుని వచ్చాను. దారి పొడవునా నన్ను నేను మెచ్చుకుంటూనే ఉన్నాను.

అమ్మ దాన్ని చీరకొంగుతో తుడిచి చూసింది. "అద్దం మాదిరి ఉండాదే" అంది. వేలితో ఎలా తోయాలో చూపించాను. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు తమ ఊరి బావుల గురించి రాసిన పుస్తకం అప్పుడు నా దగ్గర పనిలో ఉంది. అదే అందులో ఎక్కించి ఇచ్చాను. రోజూ పొద్దున పూట వాకిట్లో చాప వేసుకుని, ఎండకు కూర్చుని చూసేది. సాయంత్రం నేను రాగానే అడిగేవాణ్ణి.

"ఎట్లుందిమ్మా?"

"బాగుండాది."

"తప్పులేమన్నా?"

"ఏం లేవు."

పది రోజులకు పుస్తకం అయిపోయిందంది. నోటుబుక్కు ఖాళీ. నా చెయ్యి తిరిగింది, తప్పులు పడటం మానేశాయి అని నేను మురిసిపోయాను. చదువుకున్న గాడిద అంటే నేనే. పుస్తకం ప్రెస్సుకు పంపేశాను.

అచ్చయిన వారానికి హెడ్మాస్టరు కొట్టుకొచ్చాడు. కోపం లేదు, దానికే భయం వేసింది. పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. పన్నెండో పేజీలో ఒక పేరా మొత్తం రెండుసార్లు పడింది. ఒకదాని కింద ఒకటి, అచ్చంగా అదే పేరా.

"ఏమప్పా, ఈసారి మీయమ్మ చూడల్యా?" అన్నాడు.

ఆ పేజీ ఉన్న పదహారు పేజీల ఫారం నా ఖర్చుతో మళ్ళీ వేయిస్తాను సార్ అని చెప్పి పంపి, కొట్టు మూసి, మధ్యాహ్నం బస్సుకే ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. అంత పెట్టి కొనిస్తే కళ్ళ ముందున్న పేరా కనపడలేదా అని అడగాలనే వచ్చాను.

అమ్మ వాకిట్లోనే ఉంది. రీడర్ ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. కళ్ళు తెర మీదున్నాయి గానీ పెదవులు కదలడం లేదు. చదివేటప్పుడు మా అమ్మ పెదవులు కదలకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. కోపం అక్కడే సగం దిగిపోయింది.

పక్కన కూర్చుని, "చదువు మా, వింటా" అన్నాను.

నా వైపు చూసింది. తర్వాత అలవాటుగా వేలు తీసి మొదటి మాట కింద పెట్టింది. కుడివైపుకు జరిపింది. పేజీ తిరిగిపోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పోయింది. మూడోసారి వేలు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదే వరస" అంది. "ఏలు పెడితే పరిగెత్తుతాది. పెట్టకపోతే నాకు అచ్చరం నిలబడదు. ఒక మాట చదివినంతలో ఇంకో వరుసలోకి పోతాండా."

"మరి నాకు చెప్పేది గదమ్మా!" అరిచేశాను.

"నా కండ్లే ఇట్ల అయినాయేమో అనుకుంటి. కండ్లు పాయ, తలకాయ గూడా పోతాండాదేమో అనుకుంటి. చెప్తే మళ్ళా డాక్టరు కాడికి తీసకపోతావు. ఆయప్ప ఇంక చదవద్దంటాడు. నీ కాడ పని పాయ."

అన్ని రోజులు ఆ తెర ముందు కూర్చుని, పేజీ పారిపోతుంటే తన బుద్ధే పారిపోతోందని భయపడుతూ, నేను అడిగినప్పుడల్లా బాగుండాది అని చెప్పింది. నేనేమో గొప్పగా కొనిచ్చానని తిరిగాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచేదేముంది. తర్వాత వేలితో తోసి చూపించాను. "నీ తలకాయ కాదు మా. దీని పనే ఇది. వేలు జరిగితే పేజీ తిప్పమని అనుకుంటుంది. నేను తప్పు వస్తువు తెచ్చినా."

తనూ ఒకసారి వేలితో తోసి చూసింది. "అయితే నా తలకాయ బాగుండాదా?" అంది.

"నాకన్నా బాగుంది."

"పేరా పేరా అనుకుంటా వస్తివి, ఇంత మధ్యాన్నం ఏంటికి వచ్చినావు, ఏమన్నా తప్పు పోయినాదా?" అంది వెంటనే. నేనింకా పేరా ఊసే ఎత్తలేదని అనుకుంటున్నాను, వస్తూ గొణుక్కుంటూనే వచ్చానట. చెప్పాను. తల పట్టుకుంది. ఆరోజు అన్నం సరిగా తినలేదు. ఆ హెడ్మాస్టరుకు తన మాటగా క్షమించమని చెప్పమంది, చెప్పాను.

మరుసటి వారం అమ్మను వెంటబెట్టుకుని మళ్ళీ బెంగళూరు పోయాను. వాడిన వస్తువు కాబట్టి కొంత కోసుకుని మార్చిస్తామన్నారు. కోసుకోమన్నాను. ఆ అబ్బాయి నాకే చెప్పబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

"చదివేది నేనప్పా, నాకు చెప్పు."

బటన్లది చేతిలోకి తీసుకుంది. మొదట తెర మీద వేలు పెట్టి అటూ ఇటూ రుద్దింది. పేజీ కదల్లేదు. తర్వాత తూకం చూసింది. తర్వాత బటను ఎక్కడుందని అడిగింది. కుడివైపు ఉన్నది చూపించాడు.

"కుడిచేతి ఏలు చదవడానికి గదా. పట్టుకునేది ఎడమచేత్తో. ఎడమ బొటనేలు కాడ బటను ఉండాల."

అబ్బాయి నవ్వి, లోపలికి పోయి ఇంకో రకం తెచ్చాడు. దానికి ఎడమవైపు బటను ఉంది. అది నేను మొదట చూసిన రెండింటికన్నా తక్కువ ధర, పాత మోడలట. అమ్మ దాన్ని తీసుకుని చెప్పకుండా వీధిలోకి నడిచింది. అబ్బాయి కంగారుపడి వెంట పరిగెత్తాడు. ఎండలో నిలబడి, నేను పెట్టిన పేజీలో మొదటి మాట కింద వేలు పెట్టి పైకి చదివింది. జనం దారి ఇచ్చి పోతున్నారు. ఒక పేజీ చదివి, బొటనవేలితో నొక్కి, రెండో పేజీ కూడా చదివింది.

"ఇది చాలు" అంది.

ఆ వస్తువుతో రెండేళ్ళకు పైగా పనిచేసింది. అక్షరం పెంచుతూ పోయాను. ఇరవైనాలుగు ముప్పైఆరైంది, ముప్పైఆరు అరవై అయింది. చివరికి పేజీకి రెండు మాటలు పట్టేవి. ఒక పుస్తకం వేల పేజీలయ్యేది. అన్ని పేజీలూ నొక్కి నొక్కి చదివేది. నోటుబుక్కులో తప్పులు రాసేది, ఆ రాత ఒకదాని మీద ఒకటి పడేది. నేను కూడబలుక్కుని చదువుకునేవాణ్ణి.

ఒకరోజు ఒక చిన్న పుస్తకం ముగించి, తప్పులేవీ లేవంది. నేను చూశాను. నాలుగున్నాయి. చెప్పకుండా దిద్దేసుకోవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు. చాలాసేపు ఆలోచించాను. అప్పుడు ఆమె నా దగ్గర దాచి ఏం బాగుపడ్డామని, పోయి ఎదురుగా కూర్చున్నాను.

"నాలుగు పోయినాయి మా."

"యాడ?"

ఆమె వేలు పట్టుకుని మొదటి తప్పు కింద పెట్టాను. తెరను మొహానికి దగ్గరగా పెట్టుకుంది, దూరం పెట్టుకుంది, ఎండవైపు తిప్పింది. ఎంతోసేపు చూసింది. తర్వాత యంత్రాన్ని నా చేతికిచ్చి, చాప మీద సర్దుకుని కూర్చుంది.

"నువ్వు చదువు, నేను వింటా" అంది. "మింగొద్దు. కామా కూడా చెప్పు."