కొళాయి చప్పుడు

చింతామణిలో భర్తతో కలిసి కిరాణా అంగడి చూసుకునే సులోచనమ్మకు ఎదుటివాళ్లు కడుపునిండా తింటుంటే చూడడమే సంబరం. బేరానికి వచ్చినవాళ్లను కూడా "అన్నం తింటివా అప్పా?" అని అడిగాకే తక్కెడ ముట్టేది.

అలాంటి ఇంట్లో కొడుకు చేతన్ తిండి మానేశాడు. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ చదువు. హాస్టల్లో ఎవరో వాడి లావు చూసి "బియ్యం మూట వస్తాంది, జరగండ్రా" అన్నారట. ఆ మాట వాణ్ని పట్టుకుంది. ఆదివారం ఇంటికొస్తే కంచంలో ముద్ద కెలికి లేచిపోయేవాడు. దవడలు పీక్కుపోయాయి. దిష్టి తీసినా గుణం కనబడలేదు. బిడ్డ తింటే చాలు, కైవారం గుడిలో అన్నదానానికి బియ్యం ఇస్తానని మొక్కుకుంది.

కొన్నాళ్లకు మొక్కు ఫలించింది. మిద్దె మీదికి పోయి కాసేపటికి దిగివచ్చిన చేతన్ రాగిముద్ద, పులుసు, డబ్బాలో చక్కిలాలు, చివరికి అంగట్లో బెల్లం కూడా వదల్లేదు. కళ్లు ఎర్రగా ఉంటే చదువు భారమనుకుంది. తిన్న వెంటనే స్నానాలగదిలో కొళాయి ధారగా పారుతుంటే, శుభ్రం తెలిసిన పిల్లోడనుకుంది. బియ్యం మూటలు కైవారం పంపింది.

పక్కింటి మునిలక్ష్మమ్మ నోరు ఊరుకోలేదు. "ఏమమ్మా, మీ మిద్దె మీద గంజాయి వాసన కొడతాండాది. నువ్వు దేవునికి మొక్కితివా, గంజాయికా?"

సులోచనమ్మ మిద్దెక్కింది. నీళ్లట్యాంకు వెనక దొరికిన పొట్లాన్ని మోరీలో పారబోసింది.

"అది తాగకుంటే నాకు మెతుకు దిగదమ్మా" అన్నాడు చేతన్.

"తిన్నదంతా యాడికి పోతాందిరా? ఎముకలే కనిపిస్తాండాయి!"

"తిన్నాక భయమైతాది. కక్కేస్తా."

ఆమెకు కొళాయి చప్పుడు అప్పుడు అర్థమయింది.

డాక్టరు రెండు జబ్బులకూ మందు మొదలుపెట్టాడు. నెలలు పడుతుందన్నాడు. తినేటప్పుడు కంచంలోకి చూడొద్దని, తిన్నాక మాత్రం ఒంటరిగా వదలొద్దని చెప్పాడు. జీవితమంతా ఎదుటివాళ్ల కంచాలు చూసి మురిసిన మనిషి, మొహం పక్కకు తిప్పుకోవడం నేర్చుకుంది.

ఒక ఆదివారం చేతన్ నాలుగు మెతుకులు తిని, అంగట్లో ఆమె పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. బేరానికి వచ్చిన బయ్యప్పకు కందిపప్పు తూచి తల తిప్పేసరికి కుర్చీ ఖాళీ.

"ఏమమ్మా, ఈ పొద్దు అన్నం తింటివా అని అడగనే లేదే!" అని నవ్వాడు బయ్యప్ప.

ఆమె తక్కెడ వదిలేసి లోపలికి పోయింది. స్నానాలగది గడియ పెట్టి ఉంది. తలుపు బాదలేదు. గడప పక్కన కూలబడి, "నేనీడనే ఉండాను నాయనా" అంది.

లోపల కొళాయి పారుతూనే ఉంది.