రేటు పెంచిన బేరం

బేరానికి పోయి రేటు పెంచుకుని వచ్చినవాణ్ణి ఈ మగ్గాల ఊరు భివండి మొత్తంలో నేనొక్కణ్ణే. ఇంకెవరైనా ఉంటే రమ్మనండి, టీ పోయిస్తాను. కటింగ్ టీయే, ఫుల్ కాదు.

మా అమ్మానాన్నలకు ఇక్కడే కనేరి బస్తీలో కిరాణా కొట్టు ఉండేది. నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఇప్పుడు టెంఘర్ అవతల, కొండ కింద, ఎనిమిది మగ్గాల షెడ్డు పెట్టుకున్నాను. పక్క షెడ్డు మా బావది, అంటే మా అక్క భర్తది. మేం నేసిన బట్ట గోదాములకు చేరాలంటే టెంపో ఊరంతా చుట్టి పోవాలి. ట్రాఫిక్‌లో ఇరుక్కుందంటే లాభమంతా డీజిల్ తాగేస్తుంది. అందుకే అడవిలోంచి, కొండ భుజం మీదుగా సూటిగా రోడ్డు వేద్దామన్న మాట వచ్చినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది నేనే. కొండ పాదం వెంట ఉన్న పాత బండి బాటను వెడల్పు చేయడం ఇంకో మార్గం. అది దూరం, పైగా ఖరీదు. ఏది కావాలో షెడ్ల వాళ్ళమంతా కలిసి రాసిస్తే అటవీ శాఖ వాళ్ళు చూస్తామన్నారు. ఖర్చులో మా వాటా మేం వేసుకోవాలి.

"నువ్వే పోవాలె బామ్మర్దీ. నీ నోట్లె పడ్డ రేటు బతికి బయటికి రాదు," అన్నాడు బావ.

పోయాను. టేకు చెట్ల మధ్య నిలబడి కాంట్రాక్టరు సూటి దారికి రేటు చెప్పాడు. అలవాటు కొద్దీ నవ్వి, నా రేటు నేను చెప్పి, చెప్పుల దుమ్ము దులుపుకుని, వెళ్ళిపోతున్నట్టు వెనక్కి తిరిగాను.

"రుకో సేఠ్," అన్నాడు. నేనడిగిన రేటుకే ఒప్పేసుకున్నాడు.

నాకు అనుమానం వచ్చింది అక్కడే. మొదటి మాటకే దిగినవాడు సరుకులోంచి ఏదో తీసే ఉంటాడు. కందిపప్పు ధర అట్లా దిగినప్పుడల్లా మా అమ్మ బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూసేది. నేనూ పెట్టాను.

"క్యా నికాలా భాయ్? ఏం తీసేసినవ్?"

"ఏం లేదు సేఠ్. రోడ్డు కింద వాగులకు వేసే పైపులు, అంతే."

"మరి నీళ్ళెటు పోతయి?"

"నీళ్ళు కదా," అన్నాడు హిందీలో, "దాని దారి అదే చేసుకుంటుంది."

కిందికి చూశాను. ఆ వాగులన్నీ దిగేది మా పనివాళ్ళ గదుల వెనక ఉన్న బావి వైపుకే. నల్లా తన ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది కాబట్టి ఆ ఇళ్ళవాళ్ళు తాగేది బావి నీళ్ళే. పైన కొండను తవ్వి వదిలేస్తే ప్రతి వానకూ ఎర్రమట్టి బావిలోకి దిగుతుంది.

దాంతో బేరం మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి పైకి. పైపులు కలుపు. తవ్విన వాలు జారకుండా గోడ కలుపు. తవ్విన మట్టి చెట్ల మీద పొయ్యకుండా కిందికి మోసే కిరాయి కలుపు. కాంట్రాక్టరు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. అన్నీ కలిపినా సూటి దారే కాస్త చౌక పడింది, అబద్ధమెందుకు? కానీ అడవి నడుమ చీలిపోతుంది, దాన్ని అతికించే రేటు ఎవడి దగ్గరా లేదు. బండి బాటే మేలని షెడ్ల వాళ్ళకు చెప్పాను.

బావ భగ్గుమన్నాడు. "తగ్గించుకొని రమ్మంటే పెంచుకొని వచ్చినవా? చెట్ల మీద గింత ప్రేమ ఎప్పటిసంది నీకు?"

"ప్రేమ గాదు బావా. అంత సస్త ఇస్తనంటె నాకు భయమైతది."

"ఆ కొండేమన్న మీ అత్తగారిదా?"

"అయితె ఎప్పుడో అమ్ముకుంటుంటి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో మిగతావాళ్ళు మెత్తబడ్డారు, వాళ్ళ పనివాళ్ళూ ఆ నీళ్ళే తాగుతారు మరి. బావ ఒక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నీ వాటాల ఎంత పెరిగితె అంత నేనేస్త. సంతకం పెట్టు," అన్నాను.

"మాట మీద ఉంటవా?"

"దుకాణపోని కొడుకును. ఒకసారి ఒప్పుకున్న రేటు మార్చ."

సంతకం పెట్టాడు. రోడ్డు కొండ పాదం వెంటే పడింది. ఇప్పటికీ టెంపో నిండినప్పుడల్లా మా షెడ్డు వైపు తిరిగి, "బామ్మర్దీ, నీ రోడ్డు మీద పోయొస్త, రేపటికల్ల చేరుత," అని అరుస్తాడు. పోయి రా బావా, నిదానంగా పో, అని నేనూ అరుస్తాను. మగ్గాల మోతలో ఎవరికీ ఏమీ వినపడదు.

ఇక బిల్లు. బావ వాటా కోసం రెండు మగ్గాలు అమ్మాను, మిగిలినవి ఆరు. టెంపో కిరాయి ప్రతి ట్రిప్పుకూ ఎక్కువే, ఇక తగ్గదు. బాట వెడల్పుకు మలుపు దగ్గరి మోదుగ చెట్లు పోయాయి. అవీ నా ఖాతాలోనే. మొన్నటి వానలకు బావి నీళ్ళు కలకబారి మళ్ళీ తేటపడ్డాయి. నాకు వచ్చింది అదొక్కటే. దాన్ని అమ్మితే ఎవరూ కొనరు. అన్నీ వేసి చూస్తే నష్టమే. తగ్గించమని అడగను.