భుజం మీద మిగిలిన చెయ్యి

ఆంటీ పోయిందని తెలిసినప్పుడు నేను పని చేసే వృద్ధుల కేర్ హోమ్‌లో మధ్యాహ్నం భోజనాల ట్రాలీ తోస్తున్నాను. "మమ్ పాస్డ్ అవే దిస్ మార్నింగ్" అని ఆమె కొడుకు మెసేజ్ పెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎనిమిది నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఎప్పటికైనా ఆవిడే వచ్చి తప్పయిందని అంటుందని చూస్తూ ఉన్నాను. ఆ ఒక్క మాటా అనకుండానే వెళ్లిపోయింది.

ఈ పత్రికకు ఆవిడ స్మృతి వ్యాసం రాయమన్నప్పుడు మొదట కుదరదన్నాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలట. అలాంటిది చదివితే ఆంటీ, "ఎవరో మంచావిడ పోయినట్టుందే" అని పక్కన పడేసేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లండన్ అంచున ఈ హేస్‌లో నేను మొదట దిగింది ఆవిడ ఇంట్లోనే. రిటైరైన నర్సు. పై గది నాకు అద్దెకిచ్చింది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. ఇక్కడికొచ్చిన కొత్తల్లో కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తే నాలుగుసార్లు చదివి, అయినా భయపడేదాన్ని. జీపీ సర్జరీలో, అంటే పేటలో డాక్టరు దగ్గర, పేరు రాయించింది ఆంటీయే. డ్యూటీల రోటాలో వరసగా ఆరు రోజులు వేస్తే మేనేజర్‌ని ఎలా అడగాలో నేర్పిందీ ఆవిడే. నేర్పుతూ తిట్టేది. "బీఎస్సీ చదివావు గానీ, నోరు ఒంగోల్లోనే వదిలేసొచ్చావా అమ్మాయ్?" అనేది.

శనివారం మధ్యాహ్నాలు ఆవిడ వంటింటి బల్ల మీద స్క్రాప్‌బుక్ పని సాగేది. ఇంటి ఫోటోలను పేజీల్లో అందంగా అమర్చడం. వెనక కాగితం కోసం వాల్‌పేపర్ దుకాణం పారేసే శాంపిల్ పుస్తకాలు తెచ్చుకునేది. పేజీకి మూడు ఫోటోలు మించకూడదు. పెద్ద ముఖాన్ని నడిమధ్యన పెట్టకూడదు. "అది ఓట్ల పోస్టరమ్మా, కుటుంబం కాదు." ముఖాలు పేజీ లోపలికి చూడాలి, బయటికి చూస్తే మన చూపూ పేజీ దాటిపోతుంది. ముందు జిగురు లేకుండా పేర్చి, మూలల మీద చింతగింజలు బరువుగా పెట్టి, ఒక రోజు వదిలేయాలి. మర్నాడు కూడా నచ్చితేనే అంటించాలి. కింద పేర్లూ ఊళ్లూ తెలుగులో రాయడం నా పని. ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో పేషెంట్ల చార్టులు రాసీ రాసీ ఆవిడ తెలుగు అక్షరాలు పాడయ్యాయి.

ఆ ఆల్బమ్‌లలో భర్త ఉండడు. ఆయన ఇరవై ఏళ్ల కిందట కార్డిఫ్‌లో ఇంకో కాపురం పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆంటీ కత్తెర తీసుకుని ప్రతి ఫోటోలోంచీ ఆయన్ని కోసేసింది. కోసిన ముక్కను మళ్లీ ఎవరికీ పనికిరాకుండా సన్నగా తరిగేసేది. కానీ భార్య భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగడం ఆయనకు అలవాటు. ఆ చెయ్యి కోస్తే ఆవిడ భుజం పోతుంది. అందుకని ప్రతి పేజీలోనూ ఆంటీ ఒక్కతే నిలబడి ఉంటుంది, భుజం మీద మణికట్టు దాకా ఒక కుడిచెయ్యి, దానికి స్టీలు వాచీ.

ఇక నా ఫోటో సంగతి. మా అమ్మ పొగాకు గోడౌన్‌లో ఆకు గ్రేడింగ్ పని చేసేది. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా చనిపోయింది. ఆమెకున్నది ఒక్కటే ఫోటో. గోడౌన్ ముందు పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. అమ్మ ఎడమ చివర, అటు బయటికి చూస్తూ ఉంది. ఆమె భుజం మీద పక్కావిడ చెయ్యి. ఆ ఫోటో ఎప్పుడూ నా పర్సులోనే ఉండేది కాబట్టి దాన్ని ఫోన్‌లో తీసి పెట్టుకోవాలని ఏనాడూ తోచలేదు.

ఒక శనివారం దాన్ని బల్ల మీద పెట్టి, టీ పెట్టడానికి లేచాను. కప్పులతో తిరిగొచ్చేసరికి అమ్మ ఒక్కతే కోలగా కత్తిరించి ఉంది. మిగతా పదకొండు మందీ కత్తెర పక్కన కొత్తిమీర తరిగినట్టు పడి ఉన్నారు.

"ఇప్పుడు చూడు, కుడివైపు పెడితే మీ అమ్మ పేజీలోకి చూస్తోంది" అంది ఆంటీ.

నిజమే, చూస్తోంది. ఆవిడ చెప్పింది సరైనదే కావడం నాకు ఇంకా మంట. "అదొక్కటే ఉంది ఆంటీ" అన్నాను.

"స్కాన్ చేయించుకోలేదా? అయితే తప్పు నీదే." అంటూనే అమ్మను పేజీకి అంటించి, భుజం మీద మిగిలిన చెయ్యి కనపడకుండా పసుపు కాగితం పువ్వొకటి అంటించేసింది. ఒక రోజు ఆగాలన్న నియమం ఆవేళ ఆవిడకే గుర్తులేదు.

కప్పులు ఠక్కున బల్ల మీద పెట్టాను. "మీ ఫోటోల్లో ఆ చేతి మీద మాత్రం ఏ పువ్వూ పెట్టుకోలేదే?"

"అక్కడ కోసినట్టు తెలియాలి. తెలియకపోతే కోసి ఏం లాభం? మీ అమ్మ ఎవర్నీ కోసుకోలేదు, అందుకని కప్పాను."

"ఆమె కోసుకోలేదు. మీరు కోశారు."

ఆవిడ టీ కప్పు దగ్గరికి లాక్కుంది. ఆ నెలాఖరుకి గది ఖాళీ చేసి, అదే వీధిలో ఇంకో ఇంటికి మారాను. ఆ పేజీని మళ్లీ చూడకుండా సూట్‌కేసు అడుగున పడేశాను. కోఆప్ దుకాణంలో ఎదురుపడితే ఇద్దరం పాల సీసాల వైపు చూసేవాళ్లం.

ఆంటీ పోయిన మూడు వారాలకు అంత్యక్రియలు పెట్టారు, ఇక్కడ అంత ఆలస్యం మామూలే. చర్చి హాల్లో పెట్టే ఫోటో బోర్డు నన్నే చేయమన్నాడు కొడుకు, ఆ ఆల్బమ్‌లు తెలిసింది నాకే కదా అని. అతని చేతిలో వాళ్ల నాన్న పంపిన పెళ్లి ఫోటో ఉంది, ఇద్దరూ నిండుగా ఉన్నది. దాన్ని మధ్యలో పెట్టమన్నాడు.

"పెద్ద ముఖం మధ్యలో పెట్టకూడదు" అన్నాను.

"ఇట్స్ జస్ట్ ఎ బోర్డ్. హీ ఈజ్ మై డాడ్" అన్నాడు.

"బోర్డు మాత్రం మీ అమ్మది."

నువ్వు మా ఇంట్లో అద్దెకున్నదానివి మాత్రమేనని అతను ఇంగ్లీషులో చాలా మర్యాదగా గుర్తుచేశాడు. అయితే మీరే చేసుకోండన్నాను. అతనికి చేతకాదు, టైమూ లేదు. నా ఫోటోను నాశనం చేసిన మనిషి తరఫున ఎందుకు పోట్లాడుతున్నానో నాకే తెలియలేదు. ఆరు ఫోటోలు ఎంచి, చింతగింజలు పెట్టి, ఒక రోజు ఆగి అంటించాను. ఆరింటిలోనూ ఆ చెయ్యి ఉంది.

ఆంటీ భర్త నల్లకోటు వేసుకుని కార్డిఫ్ నుంచి వచ్చాడు. ప్రార్థన అయ్యాక హాల్లో అందరూ బిర్యానీ ప్లేట్లతో ఉంటే, బోర్డు ముందు ఒక్కడే నిలబడ్డాడు. ఇది ఎవరు చేశారని అడిగితే నేనేనన్నాను.

"ఆ చేతుల మీద ఏవైనా పువ్వులు పెట్టి కప్పొచ్చుగా అమ్మా."

"కప్పితే ఆంటీ ఊరుకోదు, అంకుల్."

ఆయన తల ఊపాడు. ఎవరో ప్లేటు అందించబోతే ఎడమ చేత్తోనే తీసుకున్నాడు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తీయలేదు.

ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా సూట్‌కేసు అడుగు నుంచి పేజీ తీశాను. గోరుతో పువ్వు గీకాను. ఆంటీ అంటించిన జిగురు కదా, పూర్తిగా ఊడలేదు. కింద నా మంచి చేతిరాతతో "అమ్మ, ఇంకో పదకొండు మంది" అని రాశాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. అమ్మ పేజీలోకి చూస్తోంది. ఆమె భుజం మీద ఆ చెయ్యి అలాగే ఉంది, రెండు వేళ్లకు పసుపు కాగితం అంటుకుని.